ఎదురుకోలుకెళ్ళిన మందు విమానం

నేను ఒక విమానాన్ని. ఆ మాట అనగానే మీ కళ్ళముందు కిటికీల వరస, చల్లటి గాలి, పిప్పరమెంట్లు పంచే అమ్మాయిలు కదిలి ఉంటారు. వాళ్ళను కాస్త పక్కకు జరగమనండి. నాకున్నది ఒకే ఇంజను, ఒకే సీటు. ఇంజనుకీ సీటుకీ మధ్య, సరిగ్గా మీకు పొట్ట ఉండే చోట, నాకొక పెద్ద తొట్టి ఉండేది. అందులో పురుగుమందు పోసేవారు. రెక్కల కింద సన్నటి గొట్టాలు, ఆ గొట్టాలకు వరసగా నాజిళ్ళు. వరిచేను మీద వెన్నులు తగులుతాయేమో అన్నంత కిందుగా ఎగురుతూ, పొగమంచులా మందు చల్లడం నా ఉద్యోగం. అందుకే డెల్టా ఊళ్ళలో నన్ను అందరూ మందు విమానం అనేవారు. మందు అనగానే మీ బుద్ధి ఎటు పోయిందో నాకు తెలుసు. వెనక్కి తెచ్చుకోండి.

నేను పుట్టింది బెంగుళూరులో. మా అన్నదమ్ములు కొందరు పంజాబు గోధుమ చేలకు పోయారు, కొందరు పత్తి చేలకు పోయారు. నన్ను గోదావరి డెల్టాకు రాసిపెట్టారు. పుట్టినప్పుడు నాకు కన్నడం తప్ప మరో ముక్క రాదు. మొదటిసారి గోదావరి దాటుతుంటే ఆ నీళ్ళ గాలి ఇంజనులోకి పోయింది. అవతలి గట్టున దిగేసరికి 'ఆయ్' అనడం వచ్చేసింది. ఆ రోజే ఒక సంగతి జరిగింది. కింద పడవలో ఒక పెద్దాయన చుట్ట కాల్చుకుంటున్నాడు. నా గాలికి చుట్ట ఆరిపోయింది. ఆయన తిట్టిన తిట్టు నాకు పైకి వినపడింది. పాపమనిపించి ఒక చుట్టు తిరిగి వచ్చి, నా పొగగొట్టం వేడితో ఆ చుట్ట మళ్ళీ అంటించి వెళ్ళాను. నమ్మకం లేకపోతే ఆయన్నే అడగండి. పోయి చాలా కాలమైంది గానీ, అబద్ధమాడే మనిషి కాదు.

నా నివాసం చింతగరువు. యుద్ధకాలంలో తెల్లదొరలు వేసి, వెళ్ళేటప్పుడు మోసుకుపోలేక వదిలేసిన రన్‌వే అక్కడ ఉండేది. దాని పక్కన నాకొక రేకుల షెడ్డు. షెడ్డు పక్కన రెండు గదుల ఆఫీసు. ఆఫీసుకు ఒక జీపు. ఆ జీపునీ నన్నూ సర్కారువారు నలుగురు మనుషుల చేతుల్లో పెట్టి, రైతుల సొమ్ము, జాగ్రత్తగా చూసుకోండని చెప్పి వెళ్ళిపోయారు. వాళ్ళు జాగ్రత్తగానే చూసుకున్నారు. ఎవరి అవసరం వాళ్ళు జాగ్రత్తగా చూసుకున్నారు.

నలుగురిలో పెద్ద వ్యవసాయ శాఖ డిప్యూటీ డైరెక్టరు పుండరీకాక్షుడు గారు. ఇస్త్రీ మడత నలగని మనిషి. నన్ను నడిపేది కెప్టెన్ దయానందం. మనిషి మంచివాడు, చెయ్యి ఇంకా మంచిది. చేను గట్టు మీద వాలిన కొంగను లేపకుండా మందు చల్లి రాగలడు. నా ఒంట్లో నట్లూ బోల్టులూ చూసేది మెకానిక్ అప్పలకొండ. కాపలా కాసేది వాచ్‌మన్ బంగారయ్య. అంతే నా ప్రపంచం.

మొదటి ఏడు నిజంగా పని చేశాను. ఆ ఏటి సంగతి చెప్పకపోతే తర్వాత నా కోపం మీకు అర్థం కాదు. నేను ఎగిరేటప్పుడు ఏ చేను ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కెప్టెనుకు పైనుంచి తెలియదు కదా. అందుకని చేను ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు వెదురుగడకు గుడ్డ కట్టి ఎత్తి పట్టుకుని నిలబడేవారు. దాన్ని జెండా పట్టడం అనేవారు. నేను ఒక జెండా నుంచి ఇంకో జెండాకు గీత గీసినట్టు ఎగరాలి. నేను దాటగానే జెండా పట్టినవాళ్ళు నాలుగడుగులు పక్కకు జరగాలి. మళ్ళీ నేను రావాలి. నాకూ రైతుకూ మధ్య ఉన్న మాటంతా ఆ గుడ్డముక్కే.

అందరి జెండాలూ తెల్లపంచె ముక్కలే. పల్లాలమ్మది మాత్రం ఎర్రచీర ముక్క. పల్లాలమ్మ కాలవ అవతల ఊళ్ళో మూడెకరాలు కౌలుకు చేసుకునే మనిషి. మొగుడు లేడు. చేను ఆవిడది కాదు. కానీ ఆ చేల మీద ఎగిరేటప్పుడు చూస్తే, ఏ ఆసామీ చేను గట్లూ అంత నున్నగా ఉండేవి కావు. మొదటిసారి మందు చల్లిన మర్నాడు ఆవిడ కొబ్బరికాయ పట్టుకుని చింతగరువు వచ్చింది. నా ముక్కుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కాయ కొట్టి, "సల్లగా ఉండు నాయనా" అంది. ఇంజను ఆగిపోయి గంటలైనా నాకు ఒళ్ళంతా వెచ్చగా అనిపించింది. ఇన్నేళ్ళలో నాకు జీతమంటూ ముట్టింది ఆ బొట్టొక్కటే.

తర్వాతే మొదలైంది.

ముందు వడియాలు. అప్పలకొండ పెళ్ళాం ఒకనాడు భోజనం క్యారియరు తెచ్చి, నా రెక్క మీద చెయ్యి వేసి, "అబ్బో, పెనం లాగుంది" అంది. అంతే. మర్నాటి నుంచి నా కుడి రెక్క మీద గుమ్మడి వడియాలు, ఎడమ రెక్క మీద ఊరమిరపకాయలు. ఎగరాల్సిన రోజున వాటిని తీయడానికి అప్పలకొండ ముఖం చిన్నబుచ్చుకునేవాడు. ఒకసారి తీయడం మరిచిపోయి నన్ను లేపారు. ఆ రోజు మూడూళ్ళ వాళ్ళకు ఆకాశం నుంచి వడియాలు పడ్డాయి. ఒకావిడ దోసిట పట్టి, ఇంటికెళ్ళి వేయించి, ఉప్పు తక్కువైందని కూడా అందట.

బంగారయ్య ఒక గేదెను కొని నా తోకచక్రానికి కట్టేశాడు. అంతకంటే గట్టి ఇనపగుంజ ఎక్కడ దొరుకుతుంది? అది నా తోకకు ఒళ్ళు రుద్దుకునేది. ఆ పెచ్చులూడిన రంగు మళ్ళీ ఎవరూ వేయలేదు.

కెప్టెన్ దయానందానిది మరీ ముద్దుగా ఉండే తప్పు. పని ముగించి తిరిగి వచ్చేటప్పుడు నన్ను కాస్త పక్కకు తిప్పి, తన ఇంటి డాబా మీదుగా పోనిచ్చి, రెక్కలు రెండుసార్లు ఊపేవాడు. అది చూసి వాళ్ళావిడ పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఈయన స్కూటరెక్కి ఇల్లు చేరేసరికి అన్నం వేడివేడిగా ఉండేది. ఆయన నవ్వేవాడు, నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వుకు తర్వాత ఎంత ఇచ్చుకోవాల్సి వచ్చిందో మీరే చూస్తారు.

ఇక జీపు గోల నాకంటే ఘోరం. పొద్దున్నే పుండరీకాక్షుడు గారి పిల్లల్ని బడిలో దింపాలి, తర్వాత అమ్మగారిని కూరల బజారుకు తిప్పాలి, మధ్యాహ్నం అయ్యగారి క్యారియరు, సాయంత్రం అమ్మగారి పేరంటం. మధ్యలో ఎప్పుడైనా ఒక రైతు చేను చూసి రమ్మంటే 'పెట్రోలు లేదు' అనేవారు. రాత్రి పక్కపక్కన నిలబడినప్పుడు జీపు నాతో అనేది: "నీకేం, ఒకటే సీటు. నీలో ఎవర్నీ ఎక్కించలేరు. అదృష్టవంతురాలివి."

అది అలా అన్న వారానికే పుండరీకాక్షుడు గారి బావమరిది నా తొట్టిలో ఎక్కి కూచున్నాడు. నిజమండీ. విమానం ఎక్కకుండా చచ్చిపోతానేమోనని ఆ పెద్దమనిషికి బెంగ పట్టుకుంది. సీటు ఒకటే కదా అంటే, ఈ తొట్టి ఉండగా సీటెందుకు అన్నాడు. మూత తీసి దిగాడు. దిగడం సులువుగానే దిగాడు. రావడమే రాలేదు. మనిషి గుండ్రంగా పనసకాయలా ఉండేవాడు. ఎగరడం దేవుడెరుగు, నలుగురూ తాళ్ళు వేసి లాగితే సాయంత్రానికి బయటపడ్డాడు. పడ్డాక ఆయన ఒంటి మీద వాలిన దోమ వాలినట్టే చచ్చేది. ఆ తర్వాత జీవితాంతం దోమతెర లేకుండా పడుకున్నాడని చెప్పుకుంటారు.

నవ్వుతున్నారు కదూ. నేనూ ఇన్నేళ్ళూ ఇవన్నీ నవ్విస్తూనే చెప్పుకొచ్చాను. నవ్వించడం దగ్గర ఆపేయగలిగితే నాకూ హాయిగానే ఉండేది.

ఆ ఏడు వరి పొట్టకొచ్చే వేళకు దోమపోటు తగిలింది. ఇది మిమ్మల్ని కుట్టే దోమ కాదు. గోధుమరంగులో చీమ తలంత ఉంటుంది. దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన గుంపుగా కూచుని రసం పీల్చేస్తుంది. గట్టున నిలబడి చూస్తే చేను పచ్చగానే ఉంటుంది. మర్నాడు మధ్యలో ఒకచోట చాప పరిచినట్టు ఎండి ఉంటుంది. ఆ మర్నాటికి అది వరి నూర్చే కళ్ళమంత అవుతుంది. మంట లేకుండా చేను తగలబడిపోవడమంటే అదే.

పల్లాలమ్మ ఒక సాయంత్రం చేతిలో వేళ్ళతో సహా పెరికిన వరి దుబ్బు పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. పుండరీకాక్షుడు గారు షెడ్డు ముందు కుర్చీలో కూచుని ఉన్నారు.

"బాబుగారూ, దోమ దిగిందండి," అంది. దుబ్బు దులిపితే ఆయన బూటు మీద పురుగులు రాలాయి. ఆయన కాలు వెనక్కి లాక్కున్నారు. "నిన్న సాపంత ఎండిందండి. ఇయ్యాల సూత్తే కళ్ళవంతయ్యిందండి. రేపెల్లుండిలో మందు పడకపోతే మరి మిగలదండి."

"ఎన్నెకరాలు?"

"మూడండి. కౌలండి. ఈ పంట గాని ఇంటికి రాలేదంటే చేను ఇంకోళ్ళకిచ్చేత్తానని ఆసామీ కబురెట్టాడండి. ఆ చేను తప్ప నాకింకేటీ లేదండి బాబూ."

"అలాగేలే. రేపు పొద్దున్నే మొదటి ట్రిప్పు మీ ఊరే. వెళ్ళి జెండా కట్టుకో."

ఆవిడ నా దగ్గరకు వచ్చి, ముక్కు మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది. అప్పలకొండ నా తొట్టిలో మందు పోశాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. పెళ్ళికి వెళ్ళేవాళ్ళకు నిద్ర పట్టదంటారే, అలాంటి నిద్రలేమి. తెల్లవారితే పనికొస్తాను అన్న సంబరం.

తెల్లవారింది. పట్టుపంచె కట్టుకుని పుండరీకాక్షుడు గారు వచ్చారు. వెనకాలే జీపు నిండా పూలగంపలు.

"తొట్టి ఖాళీ చెయ్యండి," అన్నారు.

అప్పలకొండ నోరు తెరిచాడు. "ఎందుకండీ?"

"మగపెళ్ళివారు కాలవ లాకుల దగ్గరకు వచ్చేస్తున్నారు. మా అమ్మాయి పెళ్ళి కదయ్యా. ఎదురుకోలంటే పన్నీరుబుడ్డితో నాలుగు చుక్కలు చల్లి, ఇంత గంధం రాసి, పానకం ఇచ్చి పంపడమా? అది ఎవడికి గుర్తుంటుంది? ఆకాశం నుంచి పడాలి. పన్నీరు పడాలి, గంధం పడాలి, పూలు పడాలి. ఈ జిల్లాలో ఇంకో పదితరాలు చెప్పుకోవాలి."

కెప్టెన్ దయానందం నా సీట్లో అప్పటికే కూచుని ఉన్నాడు. మెల్లగా దిగాడు. "సార్, పొద్దున్నే మొదటి ట్రిప్పు కాలవ అవతల ఊరన్నారు. వాళ్ళు జెండాలు పట్టుకుని నిలబడి ఉంటారండి."

"ఉండనీవయ్యా. దోమ ఎక్కడికి పారిపోతుంది? రేపూ అక్కడే ఉంటుంది."

"అది కాదు సార్. సర్కారు విమానం. సొంత పెళ్ళికి లేపడం రూలుకు..."

పుండరీకాక్షుడు గారు నవ్వారు. కోప్పడి ఉంటే బాగుండేది. నవ్వారు. "రూలా? మీ ఆవిడ ఎసరు పెట్టడానికి రెక్కలు ఊపినప్పుడు ఏ రూలయ్యా కెప్టెనూ?"

కెప్టెను తల దించుకున్నాడు.

"ఏవయ్యా అప్పలకొండా, వడియాల రూలు ఎక్కడుందో నీకేమైనా తెలుసా? బంగారయ్యా, గేదె రూలు?"

గేదె ఒక్కటే అరిచింది. ఆ క్షణంలో నాకు ఒక సంగతి తెలిసింది. నాలుగు వడియాలే కదా, రెండు ఊపులే కదా అని ఇన్నాళ్ళూ నేను నవ్వి ఊరుకున్నది నిజానికి ఏమిటో తెలిసింది. ఎవరికి వాళ్ళు నోట్లో కాస్త కాస్తగా కుక్కుకున్న గుడ్డ అది. కాదు అనాల్సిన రోజు వచ్చేసరికి ఒక్కరికీ గొంతు లేదు.

మందు డ్రమ్ముల్లోకి వంపేశారు. తొట్టి కడుగుతానని అప్పలకొండ నీళ్ళ గొట్టం తెచ్చాడు. ముహూర్తం మించిపోతుందని అయ్యగారు వద్దన్నారు. అడుగున మిగిలిన విషం మీదే బిందెలతో పన్నీరు కుమ్మరించారు, దానిలో గంధంపొడి బస్తా విప్పి పోశారు. అది గంధం అని నేను అంటున్నాను గానీ, పేరుకే గంధం. బస్తా చవగ్గా కొన్నది. ముప్పాతిక వంతు సుద్దమట్టి, రంపపు పొట్టు. పైన చామంతి రేకులు, బంతి రేకులు. పూలు తొట్టి కింది తలుపు తీస్తే పడాలట. గంధం నీళ్ళు నాజిళ్ళలోంచి తుంపరలా రాలాలట.

లేచాను. నాకు కాళ్ళు ఉంటే లేచేదాన్ని కాదు. చక్రాలు ఉన్నవాళ్ళకు ఆ స్వేచ్ఛ లేదు.

కాలవ మీదుగా మలుపు తిరుగుతుంటే ఎడమ పక్క దూరంగా పచ్చటి చేల మధ్య ఒక ఎర్ర చుక్క కనపడింది. నా చప్పుడు విని అది పైకి లేచింది. అటూ ఇటూ ఊగింది. ఇటు, ఇటు అంటోంది. కెప్టెను చూశాడు. చూసి, కర్రను కుడి పక్కకే తిప్పాడు.

లాకుల దగ్గర మగపెళ్ళివారు కార్లు దిగి నిలబడ్డారు. పెళ్ళికొడుకు శేషఫణి, మా శాఖలోనే కొత్తగా చేరిన కుర్ర ఆఫీసరు, మెడలో దండతో పైకి చూస్తున్నాడు. సన్నాయి మోగుతోంది. నేను తలల మీదుగా వెళ్ళాను. రేకులు రాలాయి. 'ఓ' అని కేకలు వేశారు. రెండోసారి వెళ్ళాను. పన్నీరు, గంధం రాలాయి. చేతులు చాచి, ముఖాలు పైకెత్తి, నోళ్ళు తెరిచి అందుకున్నారు.

మూడోసారి వెళ్ళేసరికి కింద అందరూ నాట్యం చేస్తున్నట్టు కనిపించారు. నాట్యం కాదు, దురద. వియ్యంకుడు గారి బట్టతల బీట్‌రూటు రంగుకు తిరిగింది. సన్నాయి వాయించే ఆయన ఊపిరి పీల్చబోయి తుమ్మితే, ఆ తుమ్ము సన్నాయిలోంచి రాగంగా బయటకు వచ్చిందట. ఆడవాళ్ళు పట్టుచీరలతోనే కాలవలోకి దిగారు. పెళ్ళికొడుకు కళ్ళు రెండూ వాచిపోయి, పెళ్ళికూతురు ఎలా ఉంటుందో మూడోరోజు గానీ చూడలేకపోయాడు. ఎవరి ప్రాణం మీదికీ రాలేదు. అదేదో అదృష్టం, మా అయ్యగారి గొప్ప కాదు. పసిపిల్లలు ఉన్న గుంపు మీద పురుగుల విషం చల్లించి, సాయంత్రం విందులో పుండరీకాక్షుడు గారు ఏమన్నారో తెలుసా? "పైగాలి పడలేదు వాళ్ళకి" అన్నారు.

ఆ మర్నాడు నన్ను కాలవ అవతలకు తీసుకెళ్ళారు.

రాత్రంతా నా కడుపులో ఆ గంధం ఎండింది. గొట్టాల్లో ఎండింది. నాజిళ్ళలో గోడకు సిమెంటు పట్టినట్టు పట్టింది. ఎవరూ చూడలేదు. పెళ్ళి బడలికలో అప్పలకొండ ఆవలిస్తూ పైనుంచి మందు పోసి మూత వేశాడు.

ఎర్రజెండా మళ్ళీ లేచింది. చేను నడుమ ఎండిన మేర కళ్ళాన్ని దాటి ఇంకా పాకింది. అయినా చుట్టూ రెండెకరాలకు పైగా పచ్చగానే ఉంది. ఇప్పుడు పడ్డా చాలు. కెప్టెను నన్ను ఎప్పుడూ దించనంత కిందకు దించాడు. జెండా మీదుగా గీత గీశాడు. మీట నొక్కాడు.

ఏమీ రాలేదు.

పల్లాలమ్మ తలమీద చెంగు కప్పుకుని కళ్ళు మూసుకుని ఉంది, మందు కళ్ళలో పడకుండా. నేను దాటిపోయాక కళ్ళు తెరిచింది. అరచెయ్యి చాపి చూసుకుంది. పొడిగా ఉంది. అలవాటు ప్రకారం నాలుగడుగులు పక్కకు జరిగి, జెండా ఎత్తి నిలబడింది. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ పొడి. మళ్ళీ జరిగింది. చేను ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఆవిడ అలా జరుగుతూనే ఉంది, నేను అలా ఎగురుతూనే ఉన్నాను. నా తొట్టి నిండా మందు ఉంది. ఆవిడ చేను నిండా దోమ ఉంది. మధ్యలో ఒక పెళ్ళి గంధం.

దిగాక అప్పలకొండ వాళ్ళావిడ పిన్నీసులన్నీ తెచ్చి పొడిచాడు. పిన్నీసులు వంగిపోయాయి. కొత్త నాజిళ్ళు, గొట్టాలు రాజమండ్రి స్టోరులో ఉన్నాయన్నాడు.

"జీపు తియ్యండి, గంటలో వెళ్ళి వచ్చేద్దాం," అన్నాడు కెప్టెను.

"జీపెక్కడుందండీ? కొత్త దంపతుల్నీ మగపెళ్ళివారినీ అన్నవరం తీసుకెళ్ళిందండి. సత్యనారాయణ వ్రతం. అట్నుంచటే వాళ్ళ ఊరు దింపేసి వస్తాదంట."

పెళ్ళయ్యాక అన్నవరం వెళ్ళి వ్రతం చేసుకోవడం మన ఆచారం. చేసుకోండి, కాదనను. కానీ ఆ జీపు వెళ్ళవలసింది వ్రతానికి కాదు. కెప్టెను ఆరోజు బస్సెక్కి రాజమండ్రి పరుగెత్తాడు. జీపు వస్తే తప్ప సామాను ఇవ్వబోమని, ఆఫీసరు వచ్చి తీసుకోవాలని స్టోరువాళ్ళు అన్నారు. ఆఫీసరు పెళ్ళి సెలవులో ఉన్నారు. కెప్టెను ఉత్తి చేతులతో తిరిగొచ్చి నా చక్రం పక్కన కూలబడ్డాడు. ఆ డాబా ఇంట్లో వాళ్ళావిడ ఆ రోజు ఎసరు పెట్టిందో లేదో నాకు తెలియదు.

పల్లాలమ్మ ఊరుకోలేదు. ఊరి ఆడవాళ్ళను పోగు చేసి, చేలో నీళ్ళు తీసేసి, దుబ్బుల్ని చేతులతో పాయలు పాయలుగా విడదీసి, గాలీ ఎండా మొదళ్ళకు తగిలేలా బాటలు తీసింది. ఒక మూల కాస్త నిలిచింది. మిగతాదంతా ఎండుగడ్డి. ఆసామీ అన్న మాట అన్నట్టే చేశాడు.

నాజిళ్ళు వచ్చిన రోజున, జీపు కూడా వచ్చిన రోజున, ఆవిడ ఆఫీసుకు వచ్చింది. ఏడవలేదు. పుండరీకాక్షుడు గారు ఆవిడ చేతిలో అన్నవరం ప్రసాదం పెట్టబోయారు.

ఆవిడ చెయ్యి చాపలేదు. "నా సేను మీద ఇమానం ఎగిరిందండి. నీడ పడిందండి. ఇంకేటీ పళ్ళేదండి. ఎందుకు పళ్ళేదో కొంచెం సెప్పండి బాబుగారూ."

"మెషీను కదమ్మా. ఒక్కోసారి అంతే."

"మరి పెళ్ళోళ్ళ మీద పడిందంట కదండీ."

ఆయన ప్రసాదం పొట్లం టేబుల్ మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

ఊళ్ళో గోల చేస్తే హైదరాబాదు నుంచి విచారణకు ఒక పెద్దాయన వచ్చాడు. ఆఫీసు కారులో, భార్యతో, అత్తగారితో, అత్తగారి చెల్లెలితో వచ్చాడు. ద్రాక్షారామం చూసుకుని, తాపేశ్వరం కాజాల డబ్బాలు డిక్కీ నిండా పెట్టించుకుని, పోతూ పోతూ నా దగ్గర ఆగాడు. కెప్టెన్ దయానందాన్ని అడిగాడు. కెప్టెను నా వైపు చూడకుండా, "యంత్రలోపమే సార్" అన్నాడు. అప్పలకొండా అదే అన్నాడు. బంగారయ్య కూడా తల ఊపాడు.

విన్నారా? లోపం నాది. ఎగరమన్న చోటికి ఎగిరాను, ఏది పోస్తే అది మోశాను, తలుపు తీస్తే రాల్చాను. నలుగురు మనుషులు కలిసి చేసిన పనికి నోరు లేని నన్ను దోషిని చేశారు. నన్ను పనికిరానిదాన్నని తేల్చి ఇంజను ఊడదీశారు. గుండె తీసేసిన రోజున కూడా నా రెక్క మీద వడియాలు ఆరుతూనే ఉన్నాయి. కెప్టెను ఆ నెలలోనే ఉద్యోగం మానేసి వెళ్ళాడు. వెళ్ళేముందు చీకట్లో వచ్చి నా ముక్కు తుడిచాడు. నేను ఆయనను క్షమించానో లేదో నన్ను అడగవద్దు.

ఇక ఇప్పటి మాట. జిల్లా ఆఫీసు కొత్త భవనం కట్టినప్పుడు, పాత సామాన్లలో ఉన్న నన్ను ఏరి, రంగులేసి, గేటు పక్కన సిమెంటు దిమ్మ మీద ఎక్కించారు. కింద పాలరాతి మీద 'రైతన్న సేవలో' అని చెక్కించారు. చెక్కించిన పూట రిబ్బను కత్తిరించింది ఎవరనుకున్నారు? రిటైరైన పుండరీకాక్షుడు గారే. ఆ అక్షరాల మీద కాకి రెట్ట వేసినప్పుడల్లా ఆ కాకికి ఓటు వేయాలనిపిస్తుంది నాకు.

నా రెక్క నీడలో ఒక ముసలమ్మ జామకాయలు అమ్ముతుంది. తలమీద బుట్ట కింద పెట్టుకునే చుట్టకుదురు వెలిసిపోయిన ఎర్రచీర ముక్క. నేను గుర్తుపట్టాను. ఆవిడ నన్ను మొదటి రోజే గుర్తుపట్టింది. బొట్టు పెట్టలేదు. ముక్కు వైపు ఒకసారి చూసి, బుట్ట దింపుకుని కూచుంది.

మొన్న ఒక మధ్యాహ్నం తెల్లటి ఆఫీసు కారు వచ్చి గేటు ముందు ఆగింది. అందులో ఉన్నది ఇప్పటి డిప్యూటీ డైరెక్టరు శేషఫణి. అవును, ఆ కళ్ళు వాచిన పెళ్ళికొడుకే. పక్కన చేతికర్రతో ఆయన మామగారు. డ్రైవరు అద్దం దించి, "మామ్మా, మంచివి ఏరి డజను కాయలియ్యి" అన్నాడు.

పల్లాలమ్మ కదలలేదు. "బండి ఆపీసుదేనా?"

"ఆఁ. అయితే?"

"ఆపీసు పని మీదెళ్తున్నారా?"

"పెద్దాయన్ని కళ్ళద్దాల షాపుకి తీసుకెళ్తున్నాం. నీకెందుకే ముసలీ ఇయ్యన్నీ?"

"అయితే కాయల్లేవు."

"బుట్టనిండా ఉన్నాయి కదే!"

"ఉన్నాయి. సర్కారు బండెక్కి సొంత పనికెళ్ళేవోళ్ళకి లేవు. బండి లోపలెట్టేసి, నడిసి రండి. అప్పుడిత్తాను."

శేషఫణి ముఖం కిటికీలోంచి బయటకు వచ్చింది, ఎర్రగా. ఆనాడు కూడా అంత ఎర్రబడలేదు. ఆయన ఏదో అనబోయేలోపు వెనక నుంచి పుండరీకాక్షుడు గారి గొంతు వణుకుతూ వచ్చింది. "ఎవరే నువ్వు? ఏ ఊరు?"

పల్లాలమ్మ లేచి నిలబడింది. మోకాళ్ళ మీద చేతులాన్చి, మెల్లగా లేచింది.

"నేనాండి? రేపు పొద్దున్నే మొదటి ట్రిప్పు మీ ఊరేనన్నారు కదండీ బాబుగారూ. ఎల్లి జెండా కట్టుకోమన్నారు కదండీ. కట్టుకుని నిలబడ్డానండి." చుట్టకుదురు విప్పి, ఆ గుడ్డ ముక్కను చేత్తో ఎత్తి చూపింది. "ఇంకా నిలబడే ఉన్నానండి."

ఆయన ఆ గుడ్డ వంక చూశారు. గుర్తుపట్టారో లేదో నాకు తెలియదు. చూపు మందగించింది పాపం, అందుకే కదా కళ్ళద్దాల షాపు. అద్దం పైకి లేచింది. కారు కదిలింది.

సాయంత్రం డ్యూటీ దిగాక ఆ డ్రైవరు ఒక్కడే, చెప్పులు ఈడ్చుకుంటూ నడిచి వచ్చాడు. ఆవిడ బుట్టలోంచి దోరకాయలు ఏరి ఇచ్చింది.

తర్వాత పొద్దు ఇంకాస్త వాలింది. నా రెక్క నీడ పక్కకు జరిగితే, ఆవిడ కూడా బుట్ట లాక్కుని నీడలోకి జరిగింది. మందు పడాల్సిన ఆ రోజు ఆవిడ చేను మీద నేను రాల్చగలిగిందీ ఆ నీడే.